సెకండ్ షో అయ్యాక కాలవ గట్టు మీద

మొన్న ఆదివారం మా బాబాయి ఫోన్ చేశాడు. మామూలుగా అయితే మందుల గురించో కౌలు డబ్బుల గురించో మాట్లాడి పెట్టేస్తాడు, ఈసారి మాత్రం "ఒరే, ఆహాలో మసూద అని ఓ సినిమా ఉంది చూశావా, రాత్రి ఒక్కణ్ణే కూర్చుని చూశా, మధ్యలో లేచి వంటింట్లో లైటు కూడా వేసొచ్చా" అన్నాడు. అరవై ఐదు దాటిన మనిషి. దెయ్యం లేదు గియ్యం లేదు అని ఊళ్ళో అందరి మీదా కేకలేసే మనిషి. నేను పడీ పడీ నవ్వా. తర్వాత మాటల్లో 1992 వచ్చింది, రాత్రి అనే దెయ్యం సినిమా వచ్చింది, కాలవ గట్టు వచ్చింది, ఇంక గంట దాకా ఫోన్ పెట్టలేదు. ఆ గంటలో గుర్తొచ్చినవి రాసుకోకపోతే మళ్ళీ మర్చిపోతానని రాస్తున్నా, వరస తప్పితే సర్దుకోండి.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. దెయ్యాలతో నా పరిచయం సినిమాతో మొదలవలేదు, మా నాయనమ్మ అన్నం ముద్దలతో మొదలైంది. కరెంటు పోతే చాలు, వాకిట్లో నులక మంచం వేసి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, పెద్ద గిన్నెలో అన్నం కలిపి తలా ఓ ముద్ద పెడుతూ కొరివి దెయ్యం కథ ఎత్తుకునేది. చేల మధ్యలో దూరంగా ఓ దీపం కనపడుద్ది, ఎవరో లాంతరు పట్టుకెళ్తున్నారనుకుని నువ్వు దాని వెనకాల పోతావ్, అదేమో ముందుకి పోతానే ఉంటది, తెల్లారేసరికి నువ్వు ఎక్కడో మురుగు కాలవలో ఉంటావ్. అంతే కథ. చంపడాలు లేవు, పగలు లేవు, ఫ్లాష్‌బ్యాక్ లేదు. దారి తప్పించడం ఒక్కటే దాని పని. ఇప్పుడాలోచిస్తే చీకట్లో చేలగట్ల మీద తిరక్కండ్రా అని చెప్పడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదనిపిస్తుంది.

ఇంకోపక్క చందమామలో బేతాళుడు. నెల నెలా ఓ శవం భుజాన కూర్చుని కథ చెప్తుంటే మేం ఆవకాయ అన్నం తింటూ వినేవాళ్ళం, ఒక్కడికైనా భయమేసిందా అంటే లేదు. శవం కథ చెప్పడమేంటి అని కూడా ఎవడూ అడగలేదు. భయపడాలా వద్దా అన్నది కథలో శవం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉండదు, ఆ కథ మనతో ముందే ఏం ఒప్పందం చేసుకుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది కానీ చందమామ అప్పుడే చెప్పేసింది.

విఠలాచార్య సినిమాలదీ అదే ఒప్పందం. జగన్మోహిని 1978లో వచ్చింది, అప్పటికి నేను పుట్టలేదు, కానీ మా చుట్టుపక్కల హాళ్ళలో ఆ సినిమా ఎప్పటికీ పాతబడలేదు. కొత్త సినిమా ఏదైనా తన్నేస్తే, మధ్యలో ఖాళీ వారం వస్తే, మళ్ళీ అదే బొమ్మ. దెయ్యం కోడలు పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్ళు పెట్టి వంట చేసే సీను తెలియనివాళ్ళు మా తరంలో ఉండరు. మా నాయనమ్మ ఆ సీన్‌కి హాల్లో అందరికీ వినపడేలా "ఆ కట్టెల ఖర్చన్నా కలిసొచ్చింది" అంది, బెంచీ క్లాసంతా గొల్లుమంది. అదీ పరిస్థితి. ఆ దెయ్యాలు భయపెట్టడానికి కాదు, వింత చూపించడానికి వచ్చేవి. చెయ్యి సాగుద్ది, తల ఊడొస్తది, అస్థిపంజరాలు వస్తాయి, చివరికి అమ్మవారో ఆంజనేయస్వామో దిగుతారు అని టికెట్ తీసుకున్నప్పుడే తెలుసు. దెయ్యం అడవిలోనో రాజ్యంలోనో ఉంటుంది తప్ప మన వీధిలోకి రాదు. ఆ భరోసా మీదే అంత హాయిగా నవ్వేవాళ్ళం.

ఆ దెయ్యాన్ని వీధిలోకి, ఇంట్లోకి తీసుకొచ్చింది మటుకు సినిమావాళ్ళు కాదు, నా లెక్కలో నవలలు రాసే యండమూరి. తులసిదళం ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చినప్పటి సంగతి నాకు తెలియదు, కానీ మా అమ్మ ఆ పేజీలన్నీ వారం వారం చింపి దాచి బైండింగ్ చేయించింది, ఆ పుస్తకం మా ఇంట్లో బీరువా పైన ఉండేది. అట్ట మీద ఏం రాసి లేదు, నల్ల కాలికో అట్ట. పగలు చదివేది, పొద్దుగూకితే దాన్ని ఆ గదిలోంచి తీసి సావిట్లో పెట్టేది. పుస్తకాన్ని! డాక్టర్లు, ఆఫీసులు, కార్లు, టెలిఫోన్లు ఉన్న లోకంలో చేతబడి, కాష్మోరా అనే క్షుద్రశక్తి. సైన్సా క్షుద్రమా అని పాఠకుణ్ణి అటూ ఇటూ ఊగించడం. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు, తెలంగాణ వాళ్ళు బాణామతి అంటారు, అదంతా అప్పటిదాకా గుసగుసగా చెప్పుకునే వ్యవహారం, దాన్ని పట్టపగలు వీక్లీలో అచ్చేసేసరికి జనానికి వణుకు పుట్టింది. కాష్మోరా అన్న మాట ఎంతమందికి తిట్టయిపోయిందో, మా పిన్ని అన్నం తినని పిల్లలందరినీ కాష్మోరా మొహమా అనే పిలిచేది.

ఇక రాత్రి.

1992లో వచ్చింది, రామ్‌గోపాల్ వర్మ సినిమా, హిందీలో రాత్ అని తీశారు. మా వైపు హాలుకి వచ్చేసరికి ప్రింటు మీద గీతలు పడిపోయాయి. నేను ఆరో క్లాసు. బాబాయికి అప్పటికి పెళ్ళి కాలేదు, నేనంటే ప్రాణం, ఇంట్లో కృష్ణుడి సినిమా అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళాడు. నాలుగు కిలోమీటర్లు కాలవ గట్టు మీద సైకిల్, నేను ముందు కడ్డీ మీద. స్టాండులో సైకిల్ పెట్టి, అట్టముక్క టోకెన్ జేబులో వేసుకుని, కుర్చీ టికెట్ తీశాడు, అదొక గొప్ప.

సినిమా మొదలైన కాసేపటికే హాల్లో ఏదో తేడా కొట్టింది. ఎక్కడా అడవి లేదు, తెల్లచీర లేదు. మామూలు సంసారం, మామూలు అద్దె ఇల్లు, కాలేజీకెళ్ళే అమ్మాయి. పిల్లాడు ఆడుకునే పిల్లి కారు కింద పడి చచ్చిపోతుంది, పాతిపెడతారు, మర్నాడు ఆ పిల్లాడు అదే పిల్లితో ఆడుకుంటా ఉంటాడు. ఇంతే చూపించాడు. నవ్వుదామని రెడీగా వచ్చిన బెంచీ వాళ్ళు ఓ రెండుసార్లు పిల్లి కూతలు కూశారు, తర్వాత ఆపేశారు. కెమెరా అయితే నేల మీద నుంచి జరజరా పాకినట్టు ఎవరిదో చూపులాగా ఇంట్లోకి పోతుంటుంది, ఎవరు చూస్తున్నారో తెలీదు, మనం వాడి కళ్ళల్లోంచి చూస్తున్నాం. ఆ సినిమాకి కెమెరామన్ తేజ, తర్వాత చిత్రం, జయం తీసిన తేజ, కెమెరామన్‌గా అదే ఆయన మొదటి సినిమా. బ్యాక్‌గ్రౌండ్ మణిశర్మ, ఆయనక్కూడా మొదలు అక్కడే. చిరంజీవి పాటలకి మనం స్టెప్పులేసిన మణిశర్మే అని తర్వాతెప్పుడో తెలిసి నోరెళ్ళబెట్టా.

ఆ సినిమాలో ఒక సీనుంది. హీరోయిన్ రేవతి సినిమాహాల్లో కూర్చుని ఉంటుంది, ఉన్నట్టుండి చూసేసరికి హాలంతా ఖాళీ, కుర్చీలు తప్ప ఒక్క మనిషి లేడు. ఆ సీన్‌లో బాబాయి చెయ్యి పట్టుకుందామని పక్కకి తిరిగా. బాబాయి లేడు. గుండె ఆగినంత పనైంది. సిగరెట్టుకని తలుపు దాకా వెళ్ళాడంట, అర నిమిషంలో వచ్చేశాడు, కానీ ఆ అర నిమిషం నాకింకా ఉంది. ఎన్ని కాంజూరింగులు చూసినా అంత పర్ఫెక్ట్ టైమింగ్ మళ్ళీ దొరకలేదు.

సినిమా వదిలేసరికి పన్నెండున్నర దాటింది. మామూలుగా సెకండ్ షో జనం నలుగురు కబుర్లు చెప్పుకుంటూ కలిసే వస్తారు, కానీ మా ఊరివాళ్ళెవరూ ఆ రోజు రాలేదు. గట్టు మీద మొన్నటి వానకి బురద, తొక్కడం కుదర్లేదు, బాబాయి సైకిల్ నడిపించుకుంటూ, నేను పక్కన. వెన్నెల లేదు. ఒకపక్క కాలవ నీళ్ళు, ఒకపక్క చేలు, కప్పలు. ఓ అరకిలోమీటరు వచ్చాక వెనకాల ఏదో చప్పుడు. చర్... చర్... చర్... ఎవరో కాలు ఈడ్చుకుంటూ వస్తున్నట్టు. నేను ఆగా, బాబాయి ఆగాడు, చప్పుడూ ఆగింది. నడిస్తే మళ్ళీ చర్... చర్... వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. "బాబాయ్, ఏంటది" అంటే "ఏం లేదు, నడు" అన్నాడు. ఆ గొంతు బాబాయిది కాదు. ఓ పది అడుగులేశాక శ్రీ ఆంజనేయం ప్రసన్నాంజనేయం అని మొదలెట్టాడు, గుళ్ళోకి కూడా రాని మనిషి, దండకం మొత్తం గడగడా ఒప్పచెప్పాడు, అయిపోతే మళ్ళీ మొదట్నుంచి. ఊళ్ళో మొదటి వీధి లైటు కనపడేదాకా నాలుగు సార్లో ఐదు సార్లో చదివుంటాడు. ఇంటికొచ్చాక అమ్మ "కృష్ణుడి సినిమాకెళ్ళి మొహం అలా పెట్టుకొచ్చావేంట్రా" అంది.

హారర్ ఎలా పనిచేస్తుంది అని ఇప్పుడు యూట్యూబ్‌లో గంటల గంటల వీడియోలు ఉన్నాయి, నేనూ చూస్తా, బానే చెప్తారు. కానీ నాకు మొత్తం సిలబస్ ఆ నాలుగు కిలోమీటర్లలో అయిపోయింది. చప్పుడు కనపడదు. అది మన నడకని బట్టి నడుస్తుంది, అంటే దానికి మనం తెలుసు. దాన్ని చూస్తే తేలిపోతుంది, కానీ చూడం, చూడకపోవడం మన చేతుల్లోనే ఉంది కాబట్టి ఇంకా భయం. పక్కన ఉన్న పెద్ద మనిషి, ధైర్యం చెప్పాల్సినవాడు, ముందు వాడే వణికితే ఇంకేం మిగిలింది. మంచి దెయ్యం సినిమా ఏది తీసుకున్నా ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఉంటుంది. మిగతాదంతా మేకప్పే.

ఆ మర్నాటి ఏడో రెండేళ్ళకో వీసీఆర్ సరదా. తలా ఐదు రూపాయలేసుకుని, కలర్ టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకునేవాళ్ళం, రెండు చిరంజీవివి, మూడోది తప్పకుండా ఈవిల్ డెడ్. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అవసరం కూడా పడలేదు. అడవిలో గుడిసె, ఐదుగురు కుర్రాళ్ళు, కింద నేలమాళిగ. మా ఫ్రెండొకడు ఇంటర్ ఫెయిలైనవాడు అనువాదం చేసేవాడు, "ఇప్పుడు వాడేమంటున్నాడంటే, అటు పోవద్దంటున్నాడు" అని. అందరూ అటే పోయేవాళ్ళు. 1981 నాటి సినిమా అది, పెద్ద డబ్బులు లేక, చెక్క పలకకి కెమెరా బిగించి చెరో కొసా పట్టుకుని అడవిలో పరిగెత్తి ఆ షాట్లు తీశారని చాలా తర్వాత చదివా. చదవగానే అనిపించింది, రాత్రిలో నేల మీద పాకిన ఆ చూపు ఉంది చూశారా, అది దీనికి చుట్టమే అని. దెయ్యాన్ని చూపించడానికి డబ్బులు కావాలి, దెయ్యం చూపుని చూపించడానికి కాళ్ళలో బలం ఉంటే చాలు.

అలా అన్నీ కలిసి బుర్రలో ఉడుకుతున్న టైములోనే ఓ స్త్రీ రేపు రా వచ్చింది. ఇది సినిమా కాదు, అంతకంటే పెద్ద రిలీజ్. రాత్రిపూట ఓ ఆడ దెయ్యం ఇంటికొచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందంట, పలికావో రక్తం కక్కుకుని చస్తావంట. తలుపు మీద ఓ స్త్రీ రేపు రా అని రాస్తే చదువుకుని వెళ్ళిపోతుందంట, రేపొచ్చి మళ్ళీ చదువుకుంటుందంట. ఊళ్ళో సగం మందికి చదువు రాదు, దెయ్యానికి మాత్రం తెలుగు చదవడం వచ్చు. వారం తిరిగేసరికి ప్రతి గోడ మీదా అదే. పసుపుతో, ఎర్రమట్టితో, బొగ్గుతో, డబ్బున్నవాళ్ళు పెయింటుతో. మా తెలుగు మాస్టారింటి గోడ మీద వాళ్ళ చిన్నోడు స్త్రీకి దీర్ఘం ఇవ్వకుండా ఓ స్త్రి రేపు ర అని రాశాడు. మాస్టారు హేతువాది, క్లాసులో మూఢనమ్మకాల మీద పాఠం చెప్పాడు, పిల్లలందర్నీ వెళ్ళి తుడిపేయమన్నాడు. సాయంత్రం నేను అటుగా వెళ్తుంటే ఆయన బొగ్గుముక్క పట్టుకుని రెండు దీర్ఘాలూ జాగ్రత్తగా పెడుతున్నాడు. తుడపలేదు. నన్ను చూసి "తప్పు రాస్తే అర్థం మారిపోద్ది రా" అన్నాడు.

కర్ణాటకలో నాళె బా అని రాసుకున్నారని తర్వాత తెలిసింది, ఇలాంటి పుకారుకి రాష్ట్రాల హద్దులుండవు కదా. 2018లో హిందీలో స్త్రీ సినిమా వచ్చి ఆ గోడరాత మీదే కథంతా నడిపితే, రాసిందెవర్రా అని చూస్తే రాజ్ అండ్ డీకే, మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళు. హాల్లో అందరూ నవ్వుతుంటే నాకు మాస్టారి బొగ్గుముక్క కనపడింది.

ఇక్కణ్ణుంచి నా కథలో భయం తగ్గుతుంది, సినిమాలు పెరుగుతాయి, కాబట్టి కాస్త గబగబా చెప్తా.

2005లో చంద్రముఖి. అసలుది మలయాళం మణిచిత్రతాళు, 1993, అందులో దెయ్యం నిజానికి దెయ్యం కాదు, జబ్బు. భూతవైద్యుడి సీట్లో సైకియాట్రిస్టుని కూర్చోబెట్టారు. యండమూరి నవలల్లో ఊగిన ఉయ్యాల కేరళవాళ్ళు ఓ కొసకి కట్టేశారన్నమాట. అందులో నాకు భలే నచ్చే సంగతి ఇంకోటుంది. మలయాళంలో ఆ నాట్యకత్తె తమిళమ్మాయి, తమిళంలో మాట్లాడుతుంది. అదే కథ కన్నడంలో, తమిళంలో తీసేసరికి తెలుగమ్మాయి అయిపోయింది, రారా అని తెలుగులో పాడుతుంది. పక్క భాష మాట్లాడితే చాలు, ఇంటి కోడలు ఠక్కున పరాయిదైపోద్ది. అంటే మనం పొద్దున లేస్తే మాట్లాడుకునే భాష చెన్నైలో, బెంగళూరులో జనానికి దెయ్యం భాష అయి కూర్చుంది. గర్వపడాలో బాధపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ సినిమా వచ్చిన నెలకల్లా ఏమైంది? ఆఫీసులో ఎవరైనా లేటుగా వస్తే లకలకలక. చంటిపిల్లల చేత లకలకలక అనిపించి వీడియోలు.

2009 సంక్రాంతికి అరుంధతి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నా, మొదటివారం టికెట్లు దొరక్క మూడో వారంలో చూశా. కోడి రామకృష్ణ, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి, అంతకుముందు అమ్మోరు తీసిన జంటే. ఇదేంటంటే మళ్ళీ వెనక్కి వెళ్ళడం, సంస్థానం, కోట, సమాధి, ఎముకలతో చేసిన ఆయుధం, ఒకరకంగా విఠలాచార్య తాత గారికి కంప్యూటర్ గ్రాఫిక్స్ కొనిచ్చినట్టు. కానీ నవ్వులాట లేదు. పశుపతి సమాధిలోంచి లేస్తాడు, సోనూ సూద్ మొహం, రవిశంకర్ గొంతు, వదల బొమ్మాళీ వదల అంటుంటే నా వెనక సీట్లో పెద్దావిడ చెవులు మూసుకుని రామ రామ అనుకోవడం విన్నా. హాళ్ళలో డీటీఎస్సు వచ్చేసి, ఆ గొంతు ఎడమపక్క నుంచి కుడిపక్కకి తిరుగుతోంది. కాలవ గట్టు మీద వెనకాల వచ్చిన చప్పుడుని ఇప్పుడు టికెట్‌లోనే కలిపి ఇచ్చేస్తున్నారు. సరే, ఇదీ ఎన్నాళ్ళు? రెండు నెలలు. వదల బొమ్మాళీ రింగ్‌టోన్ అయింది, కామెడీ స్కిట్ అయింది, అప్పులవాడు ఫోన్ చేస్తే వేసే జోకు అయింది.

నాకెప్పుడూ అనిపించేదిదే. ఒక దెయ్యాన్ని జనం ఇమిటేట్ చెయ్యడం మొదలెట్టారంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. మనవాళ్ళకి భయం అంటే ఎక్కువకాలం దాచుకునే వస్తువు కాదు, వెంటనే జోకు చేసి పంచేసుకోవాలి. జాన్రా అనేది ఎవరో పండితులు కూర్చుని గీత గీసింది కాదు, ఇదిగో ఇలా వాడి వాడి అరిగిపోయేదాకా అందరం కలిసి నమిలిందే. అరిగాక దాన్ని ఏం చేస్తారన్నదే తర్వాతి కథ.

తెలివైనవాళ్ళు ఏం చేశారంటే, ఎలాగూ నవ్వుతున్నారు కదా, ఆ నవ్వుకే టికెట్ పెడదాం అనుకున్నారు. లారెన్స్ 2011లో కాంచన తీశాడు, ఆరడుగుల హీరో రాత్రి బాత్రూమ్‌కి అమ్మని తోడు తీసుకెళ్తాడు, హాలు హాలంతా పొట్ట పట్టుకుంది, మళ్ళీ ఫ్లాష్‌బ్యాక్‌లో శరత్‌కుమార్ హిజ్రా వేషంలో ఏడిపించాడు కూడా. 2013లో ప్రేమకథా చిత్రమ్, ఊరి బయట గెస్ట్‌హౌస్, నలుగురు మనుషులు, కమెడియన్ సప్తగిరి కేకలు. అది ఆడేసరికి గేట్లు తెరిచేశారు. గీతాంజలి, రాజుగారి గది, పేర్లు గుర్తులేనివి ఇంకెన్నో. లెక్క చూస్తే తప్పు పట్టలేం, ఒక బంగ్లా అద్దెకి తీసుకుంటే సినిమా మొత్తం అందులోనే అయిపోద్ది, హీరో డేట్ల కోసం ఏడాది తిరగక్కర్లేదు, ఫారిన్ పాట అక్కర్లేదు, దెయ్యానికి పారితోషికం లేదు. అన్ని సినిమాల్లో అదే మెట్లు, అదే ఊగే కుర్చీ, నిశ్శబ్దం నిశ్శబ్దం, ఠపీమని సౌండు, తీరా చూస్తే కమెడియన్. మూడోసారికి నాకు ఆవలింతలొచ్చాయి. 2017లో ఆనందోబ్రహ్మ వచ్చి, దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడతాయి అని తిరగేసింది, నవ్వించింది, నాకు నచ్చింది కూడా, కానీ తిరగేశాక ఇంక ఆ దోసెకి మూడో వైపు లేదు కదా.

మా అమ్మాయి పుట్టింది 2011లో, అంటే అది పెరిగిందంతా ఈ కామెడీ దెయ్యాల కాలంలోనే. దానికి దెయ్యం అంటే సప్తగిరి. నేను ఓరోజు పెద్ద బిల్డప్ ఇచ్చి రాత్రి సినిమా చూపించా, ఫోన్‌లో, పగలు. సౌండు తగ్గించుకుని, మధ్యలో వాట్సాప్ చూసుకుంటూ చూసింది. ఎలా ఉంది అంటే "పిల్లి క్యూట్‌గా ఉంది నాన్నా" అంది. తప్పు దానిది కాదు, నాదే, గట్టు లేకుండా సినిమా ఒక్కటే చూపించా.

తర్వాత గాలి మారింది. మసూద 2022లో, విరూపాక్ష 2023లో, పొలిమేర రెండు భాగాలు. మళ్ళీ నవ్వులు పక్కన పెట్టి, బంగ్లా ఖాళీ చేసి, ఊరికి వచ్చేశారు. చేతబడి, క్షుద్రపూజలు, ఊరి పొలిమేర, మా అమ్మ బైండింగ్ పుస్తకంలోవే అన్నీ. విరూపాక్షలో ఊరికి అష్టదిగ్బంధనం వేసి ఎవర్నీ బయటికి పోనివ్వరు, లోపలికి రానివ్వరు, లోపలేమో ఒకరి తర్వాత ఒకరు పోతుంటారు. 1991లో జరిగే కథే, కానీ లాక్‌డౌన్ చూసొచ్చిన కళ్ళతో చూస్తే అది పాత కథలా లేదు. మసూదలో ఇంకా చిన్న ప్రపంచం, తల్లీ కూతురు ఓ అపార్ట్‌మెంట్, పక్కింట్లో కుర్రాడు, వాడు హీరో కాదు, పిరికివాడు, దెయ్యం పట్టిన పిల్లని చూస్తే వాడి కాళ్ళు వణుకుతాయి, అయినా వస్తాడు. బాబాయికి ఆ కుర్రాడే నచ్చాడంట.

"వాడికి భయం ఉందిరా, అందుకే నాకూ వేసింది" అన్నాడు ఫోన్‌లో. ఈ మాట నేను పైన ఇన్ని పేరాల్లో చెప్పలేకపోయా.

అప్పుడే అడిగా, ముప్ఫై ఏళ్ళు దాటినా అడగనిది. "బాబాయ్, ఆ రోజు గట్టు మీద చప్పుడేంటది?"

ఆయన నవ్వాడు. "మడ్‌గార్డ్ రా. వెనక మడ్‌గార్డ్ నట్టు పొద్దున్నే ఊడిపోయింది, తాడేసి కట్టా, ఆ తాడు ఎక్కడో జారిపోయింది. చక్రం తిరిగితే రేకు టైరుకి రాసుకుని చర్ చర్ మనేది. నాకు వెంటనే తెలిసింది."

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళు. "తెలిసి కూడా నాకు చెప్పలేదా? పైగా దండకం ఎందుకు చదివావ్, నన్ను ఏడిపించడానికా?"

అటుపక్క కాసేపు మాట లేదు. ఫ్యాన్ తిరుగుతున్న సౌండు వినపడింది.

"సైకిల్ ఆపాం చూడు, అప్పుడు చప్పుడు ఆగింది కదా" అన్నాడు.

"ఆగింది, నాకు బాగా గుర్తు."

"ఆగాక ఇంకోసారి వచ్చింది రా. నీకు వినపడలేదని చెప్పలా" అని, "సరే, తొమ్మిదైంది, బీపీ టాబ్లెట్ వేసుకోవాలి, ఉంటా" అని పెట్టేశాడు.